డీబగ్ బిల్డు నాకు, రిలీజు బిల్డు పూండికా?

"లైబ్రరీ వ్రాసేవాడు డీబగ్ బిల్డును తన బల్లమీద ఉంచుకోవాలి, రిలీజు బిల్డును జనానికి ఇవ్వాలి. రిలీజులో ఇంకా పరీక్షలు మిగిలి ఉన్నాయంటే వాడికి తన కోడుమీద నమ్మకం లేదన్నమాట." ఈ మాట ఇరవై యేళ్ళుగా వింటున్నాను. మొన్న ఒక మిత్రుడు మళ్ళీ అన్నాడు. అక్కడ నలుగురి మధ్య వాదించడం ఇష్టంలేక ఊరుకున్నాను. ఊరుకున్నది ఒప్పుకుని కాదు. ఆ మాట తప్పని నా అభిప్రాయం. తెలుగు పాఠంతో పనిచేసే లైబ్రరీల విషయంలోనైతే అది తప్పు మాత్రమే కాదు, అన్యాయం కూడాను.

(లైబ్రరీని గ్రంథాలయం అని ఎందుకు వ్రాయలేదని కొందరు అడుగుతారు. ఒకసారి అలాగే వ్రాశాను. మా ఊరి పంతులుగారు చదివి, ఏయే పుస్తకాలున్నాయని అడిగారు. అప్పటినుంచి మానుకున్నాను.)

ఈ రెండు బిల్డుల సంగతి తెలియనివారికి రెండు మాటలు. మూలం ఒక్కటే. కంపైలరుకు ఇచ్చే ఆదేశాలు వేరు. డీబగ్ బిల్డులో కంపైలరు మనం వ్రాసినదాన్ని వ్రాసినట్టే ఉంచుతుంది, ఏ ఆదేశం ఏ పంక్తినుంచి వచ్చిందో గుర్తు పెట్టుకుంటుంది, దారిపొడుగునా మనం పెట్టిన "ఇది ఇలా ఉండితీరాలి" అనే అసర్టులన్నింటినీ నడుపుతుంది. రిలీజు బిల్డులో కోడును కుదించి, వరుస మార్చి, వేగం పెంచుతుంది. అక్కడ ఎన్‌డీబగ్ అనే ఒక్క మాట నిర్వచించగానే సీ భాషలోని అసర్టులన్నీ శూన్యమైపోతాయి. ఫలితాన్ని పట్టించుకోకపోవడం కాదు, కుండలీకరణాల లోపలి మాటే నడవదు. ఈ చివరి వాక్యం నాకు పాతికేళ్ళ క్రితమే తెలుసు. పరీక్షల్లో మార్కులు కూడా వచ్చాయి. అయినా ఏం జరిగిందో చెబుతాను.

మాది పూండి. హౌరా నుంచి మద్రాసు వెళ్ళే రైలుమార్గంలో పలాస దాటి నౌపడా వైపు వస్తుంటే తగిలే చిన్న స్టేషను. వజ్రపుకొత్తూరు మండలం. ఒకవైపు సముద్రం, తక్కిన అన్నివైపులా కొబ్బరి, జీడి, పనస. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటినది మా పక్కనే. ఉద్దానంలో తలెత్తుకుని నిలిచిన కొబ్బరిచెట్టు కోసం వెతుక్కోవలసి వచ్చింది. మా మేనమామ కొడుక్కి అక్కడ చిన్న జీడిపప్పు బట్టీ ఉన్నది. కాల్చి, కొట్టి, పప్పు తీసి, దానిమీది పొట్టు ఒలిచే పని. ఒలిచేవారందరూ ఆడవాళ్ళే. రోజు కూలి కాదు, ఒలిచిన పప్పు కిలోల లెక్క. సాయంత్రం తూకం వేసి, పేరు ఎదుట వ్రాసి, శనివారంనాడు డబ్బులిస్తారు.

తుపాను మరుసటి సంవత్సరం మా బావ ఆ లెక్కలను కంప్యూటరులోకి మార్చాడు. కార్యక్రమం వేరే ఊరివారెవరో వ్రాసినది. అందులో తెలుగు పేర్లను అకారాదిక్రమంలో పేర్చడానికి, ఒకే పేరు రెండుసార్లు వస్తే కలపడానికి నా లైబ్రరీ వాడారు. నాకు గర్వంగానే ఉండింది. మన అక్షరాలు తెరమీద డబ్బాలుగా కనబడిన రోజులనుంచి, విండోస్ ఎక్స్‌పీలో కాంప్లెక్స్ స్క్రిప్టుల పెట్టెలో టిక్కు పెట్టుకోవడం ఒకరికొకరు నేర్పుకున్న రోజులనుంచి వచ్చినవాళ్ళం కదా. పూండిలో కూలి చీటీ తెలుగులో అచ్చవుతున్నదంటే గర్వం రాదూ?

రెండు నెలలకు మా బావ ఫోను చేశాడు. ఒలిచేవాళ్ళలో ఒకామెకు వారం వారం డబ్బు తక్కువ వస్తున్నదట. యంత్రం చూపిస్తున్న కిలోలు ఇన్ని, ఆమె చెబుతున్న కిలోలు దానికి దాదాపు రెట్టింపు. "ముసలమ్మ పొరబడిందేమో" అన్నాను. ఆ మాట అన్నందుకు ఈనాటికీ సిగ్గుపడుతున్నాను. సంక్రాంతికి ఊరు వెళ్ళినపుడు ఆమె నన్ను తన ఇంటికి తీసుకుపోయి గోడ చూపించింది. రోజుకొక వరుస, కిలోకొక బొగ్గుగీత, అరకిలోకు సగం గీత. పలక తుడిచినట్టు శనివారం నాడు తుడిచేయకుండా రెండు నెలల గీతలు అలాగే ఉంచింది.

"నానొక్కర్తినే కద బాబూ, మీ మిసను కాడ ఇద్దర్నెలాగయ్యాను?" అన్నది. ఆమెకు అసలు సంగతి నాకంటే ముందే అర్థమైంది. జాబితాలో తన పేరు రెండుసార్లున్నదని ఎవరితోనో చదివించుకున్నదట.

నిజమే, జాబితాలో ఆమె ఇద్దరు. పేరును ఒకసారి కంప్యూటరు మీద కొట్టారు, ఒకసారి ఫోనులో కొట్టి తెచ్చారు. ఫోనులో కొట్టిన పేరు చివర కనబడని అక్షరం ఒకటి చేరింది. సాఫ్ట్‌వేర్ అని వ్రాసేటపుడు టకారం కింద వకారం వత్తుగా పడకుండా మనమందరం మధ్యలో పెట్టుకునే జీరో విడ్త్ నాన్ జాయినరే అది. మధ్యలో ఉంటే పని చేస్తుంది, చివర ఉంటే కంటికి కనబడదు. కంటికి ఒకటే పేరు, యంత్రానికి రెండు. చీటీ మొదటి పేరుకు మాత్రమే అచ్చవుతున్నది. రెండవ పేరు కింద కిలోలు ఊరకే పోగుపడుతున్నాయి.

ఇటువంటి అక్షరాలను దాటవేయడం నా లైబ్రరీ పనే. దాటవేసే పంక్తిని కూడా వ్రాశాను. ఎక్కడ వ్రాశాను? అసర్టు లోపల. "కనబడనివాటిని దాటించు, దాటించగలిగావని రూఢి చెయ్యి" అని ఒకే పంక్తిలో, తెలివిగా. డీబగ్ బిల్డులో ఆ పంక్తి దాటించింది, రూఢి చేసింది. రిలీజు బిల్డులో పంక్తికి పంక్తే మాయమైంది. హైదరాబాదులో నా బల్లమీద మూడు రోజులు కూర్చుని ఆమె పేరును పదే పదే కొట్టాను. ప్రతిసారీ ఒక్కటే పేరుగా వచ్చింది. రాదు మరి, నేను నడుపుతున్నది డీబగ్ బిల్డు. నేను వ్రాసుకున్న పరీక్షలన్నీ డీబగ్ బిల్డుమీదే నడిపేవాడిని. జనానికి ఇచ్చే బిల్డును నేను ఒక్కసారి కూడా పరీక్షించలేదన్నమాట. (బకాయి ఆ శనివారమే ముట్టింది. నా లెక్క ప్రకారం కాదు, గోడ లెక్క ప్రకారం.)

"ఇది నీ తప్పు, రిలీజు బిల్డు తప్పు కాదు. అసర్టులో పని పెట్టకూడదని మొదటి పాఠంలోనే చెబుతారు" అంటాడు నా మిత్రుడు. ఒప్పుకుంటున్నాను, నా తప్పే. కాని తప్పు చేయని లైబ్రరీకారుడికోసం బిల్డులను ఏర్పాటు చేసుకుంటామా, చేసేవాడికోసమా? పైగా ఆ తప్పు రెండు నెలలపాటు నాకు కనబడకుండా దాచినది ఏమిటి? రెండు బిల్డులు రెండు వేరు వేరు కార్యక్రమాలై ఉండటం. మైక్రోసాఫ్టువారి కంపైలరుతో డీబగ్ బిల్డు చేస్తే కొత్తగా తీసుకున్న మెమరీ అంతా సీడీ అనే బైటుతో నిండి ఉంటుంది, విడిచిపెట్టినది డీడీతో, అంచులు ఎఫ్‌డీతో. రిలీజులో ఇవేవీ లేవు, అక్కడ ఏ పాత చెత్త ఉంటే అదే. రస్టు భాషలో మామూలు ఏర్పాటున డీబగ్‌లో పూర్ణాంకం పొంగిపొర్లితే కార్యక్రమం ఆగిపోతుంది, రిలీజులో చప్పుడు లేకుండా చుట్టు తిరిగి మొదటికి వస్తుంది. ఒకదాన్ని పరీక్షించి రెండవదాన్ని ఇవ్వడమంటే వరుడి అన్నను చూసి వరుడు బాగున్నాడనడమే.

అయితే డీబగ్ బిల్డునే పూండికి పంపరాదా అంటే, ఆ ప్రయత్నమూ చేశాను. అదొక ప్రహసనం. కార్యక్రమం తెరవగానే ఎమ్ఎస్‌వీసీపీ140డీ డీఎల్ఎల్ లేదన్నది. ఆ డీబగ్ డీఎల్ఎల్‌లు విజువల్ స్టూడియోతో మాత్రమే వస్తాయి. వాటిని ఇతరులకు పంచడానికి మైక్రోసాఫ్టు లైసెన్సు ఒప్పుకోదు. సరే, స్టాటిక్ లైబ్రరీగా ఇచ్చి, ఆ కార్యక్రమం వ్రాసినవారిని మళ్ళీ లింకు చేయమన్నాను. లింకరు ఎల్ఎన్‌కే2038 అని మొండికేసింది. వాళ్ళ రిలీజు కోడులో ఇటరేటర్ డీబగ్ లెవెల్ 0, నా డీబగ్ లైబ్రరీలో 2. ఆ అంకె మారితే సీ ప్లస్ ప్లస్ పాత్రల లోపలి నిర్మాణమే మారుతుంది. ఇవతల కట్టిన వెక్టరును అవతలివాడు విప్పలేడు. 2010 కూర్పు నుంచి లింకరు ఈ పొత్తు కుదరదని ముందే చెబుతున్నది, సంతోషం. అంతకుముందు చెప్పేది కాదు, నడిచేటపుడు ఎక్కడో కూలేది. అంచేత "కావలసినపుడు డీబగ్ బిల్డు ఇస్తాంలే" అన్న హామీ ఉత్తుత్తిది. వాడుకరి దగ్గర ఎప్పటికీ ఉండేది రిలీజు బిల్డే.

ఇప్పుడు అసలు వాదన. ఇది నా ఒక్కడి లైబ్రరీ గోడు కాదు.

2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోనులను కూల్చింది, మీకు గుర్తుండే ఉంటుంది. జ, పొల్లు, ఞ, కనబడని అదే నాన్ జాయినరు, ఆపైన దీర్ఘం. మొత్తం అయిదు సంకేతాలు. జ్ఞానంలోని జ్ఞా. సందేశంగా వస్తే సందేశాల ఆప్ కూలింది. వాట్సాప్, మెసెంజర్, జీమెయిల్ కూడా కూలాయి. నోటిఫికేషనుగా వస్తే ఫోను తెరే కుప్పకూలి మళ్ళీ లేచింది. ఇన్ని ఆప్‌లు ఒకేసారి కూలడానికి కారణం అవన్నీ అక్షరాలను గీయడానికి కోర్ టెక్స్ట్ అనే ఒక్క లైబ్రరీమీద ఆధారపడటం. ఇటువంటి వరుసలు తెలుగులోనే కాదు, బెంగాలీలో, దేవనాగరిలో కూడా ఉన్నాయని మనీష్ గోరేగాంవ్‌కర్ ఆ నెలలోనే విడమర్చి చూపాడు. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 కూర్పు విడుదల చేసి దిద్దుబాటు ప్రకటించింది. ఏమని? లోపలికి వచ్చే పాఠాన్ని మరింత గట్టిగా సరిచూడటం ద్వారా లోపాన్ని తొలగించామని. ఆ ప్రకటన ఆ అక్షరవరుసను దురుద్దేశంతో కూర్చినదానిగా వర్ణించింది. జ్ఞానానికి అంతటి దురుద్దేశం అంటగట్టడం నాకు నవ్వు తెప్పించింది, కాని ఇక్కడ అది ముఖ్యం కాదు.

ముఖ్యమైనది ఆ దిద్దుబాటు ఎక్కడ చేరిందన్నది. సరిచూపు చేరినది ప్రయోగశాలలో ఉండే డీబగ్ బిల్డులో కాదు, ప్రతివాడి జేబులో ఉన్న రిలీజు బిల్డులో. ఎందుకంటే ఆ అయిదు సంకేతాల వరుస రాగలిగినది అక్కడికే.

ఆంగ్లం సంగతి వేరు. ఇంజనీరు తన డీబగ్ బిల్డును తెరిచి ఏదో ఒకటి కొడతాడు, కొట్టేది ఆంగ్లం. అతని సహోద్యోగులు రోజంతా ముందస్తు కూర్పులు వాడతారు, వాటిలో ఉత్తరాలు వ్రాసుకుంటారు, అవీ ఎక్కువగా ఆంగ్లంలోనే. ఆంగ్లంలో వ్రాయదగిన వరుసలు దాదాపు అన్నీ అసర్టుల కళ్ళముందునుంచి వెళ్ళిన తరువాతే లోకంలోకి వస్తాయి. తెలుగుకు ఆ భాగ్యమేది? పరీక్షాపదాల జాబితాలో ఒక "తెలుగు", ఒక "నమస్కారం", మహా అయితే ఒక "స్త్రీ" ఉంటాయి. ఫోనులో పేరు కొట్టి చివర కనబడని అక్షరం చేర్చిన పూండి మనిషి, తప్పుడు చోట పొల్లు పెట్టే పిల్లవాడు, పాత ఫాంటులనుంచి అరకొరగా మార్చిన దినపత్రికల పాఠం ఎన్నడూ డీబగ్ బిల్డు ముఖం చూడవు. మన భాషలో నిజమైన పరీక్ష జరిగేది వాడుకలోనే. పరీక్ష జరిగే చోటునుంచి పరీక్షకుణ్ణి పంపేసి, ఎవరూ తెలుగు వ్రాయని చోట అతణ్ణి కాపలా పెట్టడమే మనవాళ్ళు గొప్ప క్రమశిక్షణ అనుకుంటున్నది.

ఈ పనిని సరిగ్గా చేసినవారూ ఉన్నారు. లినక్సులోనూ, ఆండ్రాయిడులోనూ, ఇంకా ఎన్నో చోట్ల మన వత్తులనూ గుణింతాలనూ కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీని చూడండి. ఫాంటు ఫైలులోని పట్టికలను నమ్మే ముందు వాటి హద్దులను సరిచూసే పని అక్కడ అన్ని బిల్డులలోనూ నడుస్తుంది. అడుగడుగునా ఏం జరుగుతున్నదో వ్రాసిపెట్టే జాడలు మాత్రం కోరి కంపైలు చేస్తేనే వస్తాయి. బయటినుంచి వచ్చినదాన్ని సరిచూడటం వేరు, లోపలి సంభాషణను వ్రాసుకోవడం వేరు. మొదటిది రిలీజులో ఉండితీరాలి, రెండవది ఉండనక్కరలేదు. నా మిత్రుడు రెండింటినీ ఒకే మూటకట్టి, డీబగ్ అని పేరు పెట్టి, బయటకు విసిరేస్తున్నాడు.

వేగం మాటేమిటంటారు. న్యాయమైన ప్రశ్నే. ఎస్‌క్యూలైట్ వారు తమ లైబ్రరీలో అసర్టులన్నీ నడిపితే అది సుమారు మూడు రెట్లు నెమ్మదిస్తుందని తామే వ్రాసుకున్నారు. అందుకే విడుదలలో వాటిని ఆపుతారు. వాళ్ళను తప్పుపట్టను. ఎందుకంటే వాళ్ళు అసర్టులతోనూ పరీక్షిస్తారు, అవి తీసేసి జనానికి ఇచ్చే రూపంలోనూ పరీక్షిస్తారు. ఆ రెండవ పని చేసేవాడెవడైనా అసర్టులు తీసేస్తే నాకు అభ్యంతరం లేదు. మనలో ఎందరు చేస్తున్నాం? ఇంకొక లెక్క చూడండి. సీ ప్లస్ ప్లస్ ప్రామాణిక లైబ్రరీలో హద్దుల సరిచూపును తమ సర్వర్లలో నడిచే రిలీజు బిల్డులలోనే వదిలితే సగటున 0.30 శాతం భారం పడిందని గూగుల్ 2024 నవంబరులో ప్రకటించింది. వెయ్యికి మూడు పాళ్ళు. ఫెడోరా వారు 2018 నుంచి తమ ప్యాకేజీలను జీలిబ్‌సీఎక్స్ఎక్స్ అసర్షన్స్ అనే మాటతో కంపైలు చేస్తున్నారు. దీనికీ జీలిబ్‌సీఎక్స్ఎక్స్ డీబగ్ అనే మాటకూ తేడా గమనించండి. రెండవది పాత్రల నిర్మాణాన్నే మార్చేస్తుంది, కాబట్టి మామూలు కోడుతో కలవదు. మొదటిది నిర్మాణం జోలికి పోకుండా సరిచూపులు మాత్రం చేరుస్తుంది. అంటే లైబ్రరీకి "అంతా డీబగ్", "అంతా రిలీజు" అని రెండే దారులన్నది కట్టుకథ. ఇక నలభై మంది పేర్లను వరుసపెట్టడానికి పూండి లాప్‌టాప్‌లో ఆదా అయిన మైక్రోసెకన్లతో మా బావ ఏం చేసుకుంటాడు, జీడిగింజలు లెక్కపెట్టుకుంటాడా?

ఇది కొత్తగా నేను కనిపెట్టిన వాదన కూడా కాదు. టోనీ హోర్ 1973లోనే ఎత్తిపొడిచాడు. ఒడ్డున సాధన చేసేటపుడు ప్రాణరక్షక చొక్కా తొడుక్కుని, సముద్రంలోకి వెళ్ళేటపుడు విప్పేసే నావికుడితో పోల్చాడు మనల్ని. భావనపాడు రేవులో వేటకు వెళ్ళేవాడెవడికైనా ఈ పోలిక చెప్పి చూడండి, అంత తెలివితక్కువవాడు ఎక్కడుంటాడని అడుగుతాడు. ఇంగ్లండులోని ఇలియట్ కంపెనీ యంత్రాలకు ఆల్గాల్ కంపైలరు చేసిన చాలా యేళ్ళ తరువాత, అరేల హద్దుల సరిచూపును వేగంకోసం ఆపుకునే వీలు కావాలా అని హోర్ బృందం వాడుకరులను అడిగింది. అందరూ ఏకకంఠంతో వద్దన్నారు. 1980లో ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో ఆయనే ఈ సంగతి చెప్పాడు. వద్దన్నది వాడుకరులు. తీసేద్దామని ఉబలాటపడేది ఎప్పుడూ మనమే.

ఇప్పుడు నేనేం చేస్తున్నానో చెప్పకపోతే ఇది ఒట్టి తిట్లపురాణమవుతుంది. సీమేక్‌లో రిలీజుకు బదులు రెల్‌విత్‌డెబ్‌ఇన్ఫో ఎంచుకుంటున్నాను. వేగమూ ఉంటుంది, పంక్తుల గుర్తులూ ఉంటాయి. ఆ గుర్తుల పీడీబీ ఫైలును ఇచ్చిన ప్రతి కూర్పుకూ విడిగా దాచుకుంటున్నాను. అదే మూలంనుంచి తరువాత మళ్ళీ కంపైలు చేసుకోవచ్చులే అని ఒకప్పుడు దాచలేదు. అలా చేసిన పీడీబీ పాత ఫైలుకు జతకుదరదు, డీబగ్గరు దాన్ని తిరస్కరిస్తుంది. ఇక్కడ ఒక గోతిని చూపాలి. పేరు చూసి మోసపోకండి. ఆ రెల్‌విత్‌డెబ్‌ఇన్ఫో కూడా మామూలు ఏర్పాటున ఎన్‌డీబగ్‌ను నిర్వచిస్తుంది. గుర్తులు మిగులుతాయి, అసర్టులు పోతాయి. అందుకని బయటి పాఠాన్ని సరిచూసే పనులను అసర్టులనుంచి పూర్తిగా పెరికి మామూలు షరతులుగా వ్రాశాను. డీబగ్ బిల్డును కూడా ఇస్తున్నాను, పేరు చివర "డీ" చేర్చి, లింకు చేసుకునేవారు తమ డీబగ్ బిల్డుకు వాడుకోవడానికి. పరీక్షలన్నీ ఇపుడు రెండింటిమీదా నడుస్తాయి.

ఒక్క విషయంలో మాత్రం నా మిత్రుడి అభ్యంతరం గట్టిది. సరిచూపు విఫలమైతే లైబ్రరీ ఏం చేయాలి? అసర్టు చేసినట్టు కార్యక్రమాన్ని చంపేయాలా? శనివారం సాయంత్రం నలభై మంది ఆడవాళ్ళు డబ్బుకోసం నిలబడి ఉండగా తెర ఆరిపోతే ఎవడికి ఉపకారం? దీనికి నాలో నేను చాలాకాలం తర్జనభర్జన పడ్డాను. చివరకు మా బావనే అడిగాను.

"ఆగిపోతే పుస్తకం తీసి చేత్తో రాసుకుంటాం బావా. ఆగకుండా తప్పు రాస్తే మాకెలా తెలుస్తాది?" అన్నాడు.

అయినా నా లైబ్రరీ కార్యక్రమాన్ని చంపదు. అది తన హక్కు కాదు, కార్యక్రమం వ్రాసినవారి నిర్ణయం. ఏ పేరులో, ఎన్నవ అక్షరం దగ్గర, ఏమి చిక్కిందో తెలుగులో చెప్పి, పని చేయకుండా వెనక్కి ఇస్తుంది. నిరుడు ఊరు వెళ్ళినపుడు చూశాను. పద్నాలుగవ పేరు చివర కనబడని అక్షరం ఉన్నదని తెరమీద వచ్చింది. మా బావ ఆ పేరు చెరిపేసి మళ్ళీ కొట్టాడు, చీటీ అచ్చయింది. గోడమీద గీతలు మాత్రం ఆమె ఇప్పటికీ గీస్తూనే ఉన్నది. మానమని నేను చెప్పలేదు.